చేపలకు మంచినీళ్లు

1987

మార్చి 8, ఆదివారం

మళ్లీ తెల్లబడిపోయాయి. నిన్న సాయంత్రం దాకా తేనె రంగులో ఉన్న గుడ్లు... పొద్దున లేచి చూసేసరికి పిండి చల్లినట్టు. తల్లిచేప ఇంకా రెక్కలతో విసురుతూనే ఉంది. తండ్రిచేప పక్కన కాపలా. వాటికి తెలియదు పాపం.

నీళ్లే కారణం. ఇంకేం కాదు. సబ్బు పెడితే నురగ రాని నీళ్లు ఇవి. ఎక్కడో అడవి నదిలో వాననీళ్లకు అలవాటుపడ్డ డిస్కస్ చేపలు ఈ సున్నపు నీళ్లలో ఎలా పిల్లల్ని చేస్తాయి.

సుగుణ తల తుడుచుకుంటూ వచ్చి అద్దాల తొట్టిలోకి చూసింది. "ఈసారి గూడ పాయెనా?" అంది. ఆ "గూడ" దగ్గర ఒళ్లు మండింది. భార్య కదా, ఒక్క మాట తగ్గించి అనొచ్చు.

మార్చి 10, మంగళవారం

బ్యాంకులో అడిగారు. "సార్, పిల్లలైనయా?" కౌంటర్ వెనక కిసకిసలు.

తప్పు నాదే. దసరా నాడు అందరి ముందూ గొప్పగా అన్నాను, వరంగల్‌లో డిస్కస్‌కు పిల్లలు చేయించిన మొదటి మనిషిని నేనే అవుతానని. ఎందుకన్నాను... నోటి దూల. ఇప్పుడు క్యాష్ కౌంటర్లో కూర్చుంటే ప్రతివాడి మొహంలో అదే ప్రశ్న కనిపిస్తోంది.

మార్చి 11, బుధవారం

ఖాజా దుకాణానికి వెళ్లాను, చౌరస్తాలో. ఊళ్లో రంగుచేపలు అమ్మేది వాడొక్కడే. ఈ జంటను మద్రాసు నుంచి తెప్పించి ఇచ్చిందీ వాడే. అందుకే పోయిన గుడ్లకు నాకంటే వాడే ఎక్కువ బాధపడతాడు.

వాననీళ్లు పట్టుకోమంటాడు. మార్చిలో! కాచి చల్లార్చి పోయడం చేసేశాను — గిన్నె అడుగున సున్నం కట్టింది, కిరోసిన్ అయిపోయింది, గుడ్లు మాత్రం పోయాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలపొచ్చు, కానీ తొట్టి నిండా కావాలంటే ఎన్ని డబ్బాలు మోయాలి, ఆ బ్యాటరీ షాపువాడు అప్పుడే వింతగా చూస్తున్నాడు. ఉప్పు వేసి నడిపే జాడీ ఒకటి హైదరాబాద్‌లో దొరుకుతుందట. అది సున్నం తీసేసి దాని బదులు ఉప్పు వదులుతుంది. ఇది పోయి అదొస్తే ఏం లాభం.

"ఫికర్ జెయ్యకు అన్నా, జూన్ల వానలు పడుతయి గద" అన్నాడు ఖాజా. వాడు ఆగుతాడు. నేను ఆగలేను. అదే నా జబ్బు.

మార్చి 15, ఆదివారం

రవీందర్ వచ్చాడు. సుగుణ తమ్ముడు. దుబాయిలో నీళ్లు శుద్ధి చేసే కంపెనీలో పని. సెలవు మీద నెక్కొండ వచ్చి, అమ్మానాన్నల దగ్గర రెండు రాత్రులైనా గడపకుండా పాసింజర్ ఎక్కి అట్టపెట్టె మోసుకొచ్చాడు. పోయినేడు నేను అడిగిన మాట గుర్తుంచుకున్నాడు. బామ్మర్ది అంటే వీడు.

పెట్టెలో మూడు తెల్లటి గొట్టాలు, ఎర్రదీ నల్లదీ రెండు పైపులు. రివర్స్ ఆస్మాసిస్ అట. పేరే ఎంత బాగుంది. లోపల పొర ఒకటి చుట్టి ఉంది.

"నీళ్లను ఆ పొర మీదికి జోరుగ తోస్తే బావా, మంచియి ఇవతలికి వడుతయి. సున్నం, ఉప్పు మోసుకొని మిగిలినయి గీ నల్ల పైపు నుంచి బయటికి పోతయి."

"ఎన్ని పోతయిరా?"

"ఒక్క బకెట్ మంచియి గావాల్నంటే నాలుగు బకెట్లు బయటికే."

సుగుణ చేతిలో చాయ్ గ్లాసు అక్కడే ఆగింది. "నాలుగు బకెట్లా? మోరీలకా?"

వినపడనట్టు స్క్రూలు తీస్తూ కూర్చున్నాను.

మార్చి 17, మంగళవారం

బిగించాం. నల్లా వచ్చింది. రోజు విడిచి రోజు, తెల్లారి గంటసేపు — ఈ ఎండాకాలం అదే మహాభాగ్యం. మిషన్ మంచినీళ్లు వదిలే చోట గ్లాసు పెట్టాను. నల్లా పోయేసరికి గ్లాసులో సగం. అంతే. చెమట బొట్లు నయం.

ప్రెషర్ చాలదట. "నల్లాకు చిన్న మోటర్ వెట్టు బావా" అని రవీందర్ చాలా తేలిగ్గా అనేసి సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. వాడికేం, రేపోమాపో దుబాయి విమానం ఎక్కుతాడు.

మార్చి 19

మోటారు కుదరదు. నేను మాత్రం పెట్టకూడదు.

మార్చి 20, శుక్రవారం

ఎందుకు పెట్టకూడదో రాసుకుంటాను, రేపు నేనే మర్చిపోతానేమో.

నల్లా లైనుకు మోటారు పెడితే ముందున్నవాడు లాగేసుకుంటాడు, వెనకున్నవాళ్లకు గాలి వస్తుంది. పోయినేడు ఎండాకాలం మా గల్లీలో కాంట్రాక్టర్ మల్లారెడ్డి అదే పని చేశాడు. రైల్వేలో గార్డు చేసి రిటైరైన యాదగిరి, నేను, ఇంకో పదిమంది ఇల్లిల్లూ తిరిగి చూశాం. వాడి మోటారు పట్టుకున్నాం. గల్లీ నడుమ నిలబెట్టి మాట్లాడింది నేనే. "పక్కింటోళ్ల నోట్లె నీళ్లు గుంజుకునుడు దొంగతనం గాదా?" అన్నాను. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మోటారు పెట్టనని అందరం ప్రమాణం చేశాం.

ఆ రోజు ఎంత గర్వంగా ఇంటికొచ్చానో.

మార్చి 22, ఆదివారం

మోటారు కొన్నాను.

డ్రమ్ముల్లో పట్టుకుని వాటిలోంచి మోటారుతో మిషన్‌కు తోడొచ్చు కదా అంటుంది సుగుణ. సన్నగా వచ్చే నల్లాతో ఐదు బకెట్లు మిషన్‌కే పోతే ఇక ఇంట్లోకి ఏం మిగులుతుంది. కాబట్టి లైనుకే పెట్టాలి. ఇలా నాకు నేను చెప్పుకునే కారణాలు బాగానే ఉన్నాయి. బ్యాంకులో ఎవడైనా ఇలాంటి కారణాలతో వస్తే వాడి ఫారం వెనక్కి విసిరేసేవాణ్ని.

నేనే బిగించాను, పెరటి గోడ పక్కన. ప్లంబర్‌ను పిలిస్తే ఊరంతా తెలుస్తుంది. పైన గోనెసంచి కప్పాను.

మార్చి 25, బుధవారం

మోటారు చప్పుడు కప్పడానికి టేప్‌రికార్డర్‌లో భక్తి క్యాసెట్ పెట్టాను. గట్టిగా. మిషన్ పని చేసింది... చేసింది! మంచినీళ్లు సన్నని ధారగా, ఆగకుండా. బకెట్ నిండింది. చేత్తో సబ్బు రుద్దితే మోచేతి దాకా నురగ. చిన్నపిల్లాడిలా నవ్వుకున్నాను.

మిగిలిన నీళ్లు మోరీలోకి వదల్లేదు. ఈ కరువులో మా ఇంటి మోరీ పారితే గల్లీ అంతా వచ్చి చూస్తుంది. పెరట్లో పెద్ద డ్రమ్ముకు మళ్లించాను. అంట్లు తోమడానికీ బట్టలకూ అవే వాడుకోమన్నాను. సుగుణ మూత తెచ్చి డ్రమ్ము మీద దభీమని పెట్టింది. 

మార్చి 29, ఆదివారం

తొట్టిలో సగం నీళ్లు మార్చాను. చేపల రంగే మారింది. నీలి గీతలు మెరుస్తున్నాయి. ఇద్దరూ గుడ్ల కోసం నిలబెట్టిన మట్టిగొట్టం చుట్టూ తిరిగి దాన్ని శుభ్రం చేస్తున్నారు. అంటే మళ్లీ గుడ్లకు సిద్ధం.

యాదగిరి బజార్లో ఎదురై, "ఏమయ్య, ఈ మద్దెన భక్తి ఎక్కువైంది? పొద్దుగాల మీ ఇంట్ల పాటలు వింటాంటె పానం నిమ్మలమైతాంది" అన్నాడు. ఏం చెప్పను. చేతులు జోడించాను. నిజంగా జోడించాను, భక్తుడిలా. ఇంటికొచ్చి ఆ చేతులు చూసుకుంటే అసహ్యం వేసింది.

ఏప్రిల్ 2, గురువారం

కౌసల్య వచ్చింది, రెండు బిందెలతో. గల్లీ చివరి ఇల్లు. భర్త లారీ మీద ఉంటాడు, ఈమె ఇంట్లో మెస్ నడుపుతుంది — మెడికల్ కాలేజీ పిల్లలు రెండు పూటలా వచ్చి తింటారు. నన్ను అన్నా అంటుంది, పెళ్లయి ఈ గల్లీకి వచ్చినప్పట్నుంచీ.

"వారం సంది నల్లాల గాలే వస్తాంది అన్నా. సుయ్యిమంటాంది గనీ సుక్క వడ్తలేదు. బోరింగు కాడ లైన్ల నిలవడితే పొయ్యి ముట్టిచ్చేది ఎప్పుడు? మీకు వస్తాన్నయా?"

వారం సంది. మోటారు మొదటిసారి వేసిన రోజు నుంచి.

"మాది పల్లంల ఉన్నది చెల్లె, అందుకే వస్తాన్నయి" అన్నాను. ఎంత చటుక్కున వచ్చింది అబద్ధం. ముందే తయారుగా నోట్లో కూర్చున్నట్టుంది.

పెరట్లో డ్రమ్ము చూపించాను. మిషన్ వదిలేసిన నీళ్లు. బిందెలు నింపుకుంది. "దేవునోలె దొరికినవ్ అన్నా" అంటూ వెళ్లింది. వెనక్కి తిరిగేసరికి వంటింటి గుమ్మంలో సుగుణ.

సిగ్గేసింది. చాలా.

ఏప్రిల్ 3

అందులో విషమేం లేదు. సున్నం, ఉప్పు కాస్త ఎక్కువ, అంతే. లేనిదాని కంటే నయం కదా... కదా?

ఏప్రిల్ 4, శనివారం

ఇప్పుడు కౌసల్య ఒక్కతే కాదు. గల్లీ చివర ఇళ్ల నుంచి ఇంకో ఇద్దరు. సారు ఎండాకాలం నీళ్లు దానం చేస్తున్నాడని చెప్పుకుంటున్నారట. వాళ్ల నీళ్లు వాళ్లకే, అదీ చెడగొట్టి ఇస్తున్నాను. దానం!

ఏప్రిల్ 7, మంగళవారం

కౌసల్య మొహం పీక్కుపోయి ఉంది. పప్పు ఉడకడం లేదట.

"పొద్దుగాల నుంచి మంట వెడ్తాన్న. గింజ గింజ అట్లనే ఉంటాంది. పోరగాండ్లు పలుకులు తింటరా? ఇద్దరు అప్పుడే వేరే మెస్‌కు పోయిన్రు." తరువాత కాస్త మొహమాటంగా, "నీళ్ల గుణం గానీ ఉంటదా అన్నా?"

అప్పుడు చెప్పొచ్చు. ఇంత సూటిగా అడిగింది. నోరు తెరిచాను కూడా.

"మాయి గూడ అవే నీళ్లు. మాకు మంచిగనే ఉడుకుతాంది."

"అయితె పప్పే ఖరాబు" అంది. "సాంబయ్య పాతది అంటగట్టిండు." బిందె చంకన పెట్టుకుని చరచరా వెళ్లింది.

మా వంటకు వాడేది ఆ డ్రమ్ము నీళ్లు కావు. సున్నం ఎక్కువైతే పప్పు ఉడకదని నాకు తెలుసు. ఇది రాసుకోవడానికి కూడా చెయ్యి రావడం లేదు.

ఏప్రిల్ 9, గురువారం

గల్లీ మొగలో లొల్లి. సాంబయ్య కిరాణా దుకాణం ముందు కౌసల్య, చేతిలో ఉడకని పప్పు గిన్నె. నేను సైకిల్ దిగకుండా పక్కనుంచి జారుకుందామనుకున్నాను, జనం అడ్డం.

"సూడున్రి, అందరు సూడున్రి, గిది పప్పా రాళ్లా?"

సాంబయ్య గొంతు పెద్దది కాదు. "కొత్త పంట చెల్లె. మరిపెడ కాడ రైతు ఇంట్ల నిలవడి తూకం వేయించుకొచ్చిన. నేను గా పని జెయ్యను."

తేలు కుట్టిన దొంగలా సైకిల్ నెట్టుకుంటూ ఇంటికొచ్చాను.

ఏప్రిల్ 10, శుక్రవారం

నా ఖర్మ కాకపోతే ఏమిటి. తగువు నా దగ్గరికే వచ్చింది. యాదగిరి, సాంబయ్య, కౌసల్య ముగ్గురూ. "సారు చదువుకున్న మనిషి, ఎవలదిక్కు మాట్లాడడు" అన్నాడు యాదగిరి. సాంబయ్యే పప్పు పొట్లం నా చేతిలో పెట్టాడు. "మీ ఇంట్ల ఒండి సూడున్రి సార్. మీరు ఖరాబున్నదంటె బస్తా వాపస్ తీస్కుంట. మంచిగున్నదంటె అదే మాట నలుగుర్ల చెప్పున్రి, గంతే."

ఆదివారం చెబుతానన్నాను. ఇంకేమనాలి.

ఏప్రిల్ 11, శనివారం

సుగుణ వండింది. నేను ఏ నీళ్లు అని చెప్పలేదు, ఆమె అడగలేదు. చేపల బకెట్లోంచి ముంచుకుంది.

వెన్నలా ఉడికింది. గరిటె పెడితే కలిసిపోయింది. ఇంత మంచి కందిపప్పు ఈ మధ్య తినలేదు. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరం తిన్నాం. మారు వడ్డించుకోలేదు.

"రేపు ఏమంటరు?" అంది కంచం తీస్తూ.

"సూద్దాం" అన్నాను.

ఏప్రిల్ 12, ఆదివారం

సాంబయ్య దుకాణం అరుగు మీద. పదిహేనుమంది దాకా ఉన్నారు. దారిలో అనుకుంటూ వెళ్లాను, పప్పు మంచిదే అంటాను, అని ఊరుకుంటాను, ఎందుకు ఉడకలేదో ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకుందాం. కానీ పప్పు మంచిదంటే తరువాతి ప్రశ్న నీళ్లే. నీళ్లంటే మా పెరడే. 

"ఒండి సూశిన్రా సార్?" సాంబయ్య.

"సూశ్న."

"ఉడికిందా?"

"కొద్దిగ పాతదే ఉన్నట్టుంది సాంబయ్యా... నిల్వ మీద తేడా వచ్చి ఉంటది. నువ్వు కావాల్ననైతె చేసి ఉండవు."

చివరి మాట వాడిని కాపాడటానికి అన్నాను అనుకున్నాను. నన్ను నేను కాపాడుకోవడానికి అన్నాను.

సాంబయ్య కాసేపు నన్నే చూశాడు. కోపం లేదు ఆ చూపులో, అదే భరించలేకపోయాను. "గట్లనే గానీ. సారు చెప్పినంక ఇగ మాటేముంది" అని లోపలికి వెళ్లి బస్తా ఈడ్చి పక్కన పెట్టాడు. కౌసల్య నాకు దణ్ణం పెట్టింది.

థూ.

ఏప్రిల్ 13

బ్యాంకుకు సెలవు పెట్టాను. జ్వరం అని. జ్వరం లేదు.

ఏప్రిల్ 15, బుధవారం

గుడ్లు పెట్టాయి. మట్టిగొట్టం నిండా. సంతోషం రావాలి... వచ్చింది కూడా, దొంగతనంగా వచ్చింది.

గల్లీలో వాళ్లు ఇప్పుడు బియ్యం కూడా సాంబయ్య దగ్గర కొనడం లేదట. "పప్పుల కలిపినోడు బియ్యంల కలుపడా?" అని. ఎవరో ఒకరు మొదలుపెడితే చాలు. ఆ ఒకరు నేను.

ఏప్రిల్ 17, శుక్రవారం

చేపల కోసం పెట్టిన బకెట్ సగానికి ఖాళీ. నల్లా రోజు కాదు, మళ్లీ రేపటిదాకా మిషన్ నడవదు. గుడ్లున్న తొట్టికి ఇవాళ నీళ్లు మార్చాలి. అరిచాను సుగుణ మీద.

"కౌసల్యకిచ్చిన. మొన్నటి సంది ఇస్తాన్న" అంది నెమ్మదిగా.

"గుడ్లు పెట్టినయి, ఎర్కేనా నీకు?"

"ఎర్కే. చేపలకు పిల్లలు గావాలె, మీకు పేరు గావాలె. సాంబయ్యకు పేరొద్దా? కౌసల్యకు బతుకొద్దా?"

 చెయ్యి ఎత్తబోయానని రాయాలి ఇక్కడ. ఎత్తలేదు. ఎత్తబోయాను.

సాయంత్రం కౌసల్య వచ్చింది, చిన్న గిన్నెలో పప్పు తెచ్చి. మొహం కళకళలాడుతోంది. "చౌరస్తల కొత్త దుకాణం కాన్నుంచి పప్పు తెచ్చిన అన్నా. ఎంత మంచిగ ఉడుకుతాందో సూడు. నువ్వన్నదే నిజం. సాంబయ్య పప్పే ఖరాబు. పోయిన పోరగాండ్లు గూడ వాపస్ వచ్చిన్రు."

సుగుణ మొహం చూడలేకపోయాను. మంచి నీళ్లు ఇచ్చి ఆమె సరిదిద్దాలనుకుంది. సాంబయ్య నెత్తిన ఇంకో రాయి పడింది. ఆమె మంచితనం కూడా నా అబద్ధానికే పనికొచ్చింది.

గిన్నె అలాగే ఉంది. ఇద్దరం ముట్టుకోలేదు.

ఏప్రిల్ 18, శనివారం

గుడ్లు తెల్లబడలేదు. లోపల నల్లటి చుక్కలు కదులుతున్నాయి. తోకలు.

పగిలి బయటికొచ్చాయి సాయంత్రానికి. కొట్టుకుంటూ గొట్టానికే అతుక్కుని ఉన్నాయి. తల్లి ఒక్కొక్కదాన్నీ నోట్లోకి తీసుకుని మళ్లీ గొట్టం మీద ఉమ్ముతోంది. ఎంతసేపు చూశానో తెలియదు. ఏడుపొచ్చింది. దేనికొచ్చిందో కూడా సరిగ్గా తెలియలేదు.

ఏప్రిల్ 21, మంగళవారం

ఈదుతున్నాయి! లేచి తల్లి ఒంటికి అంటుకుపోయాయి, మేత మేస్తున్నాయి. ఈ చేపలంతే — పిల్లలు తల్లిదండ్రుల ఒంటి జిగురే తిని బతుకుతాయి. తల్లి అలిసిపోయి ఒళ్లు విదిలిస్తే గుంపంతా గబగబా తండ్రి మీదికి. వరంగల్‌లో ఇది చూసిన మొదటి మనిషిని నేనే.

ఎవరికీ చెప్పలేదు. బ్యాంకులోనూ చెప్పలేదు. ఈ ఒక్క మాట కోసమే కదా ఇంత చేశాను.

ఏప్రిల్ 22, బుధవారం

ఖాజాను మాత్రం పిలిచాను. వాడు తొట్టి ముందు కూర్చుని వేలితో పిల్లల్ని లెక్కపెట్టాడు. లేచి నన్ను కౌగిలించుకున్నాడు. "ఏం నీళ్లు అన్నా, జర చెప్పు."

"దైవ దయ" అన్నాను.

దైవాన్ని కూడా వదల్లేదు.

ఏప్రిల్ 23, గురువారం

దుకాణం ముందు నుంచి వెళ్లాను, కావాలనే. సాంబయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఇంతకుముందు ఆ వేళకు అరుగు మీద చోటు దొరికేది కాదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "సార్, జర సలహా చెప్పున్రి. బస్తాలు కింద వెడ్తె చెమ్మ తగిలి గట్లయిందంటరా? కింద బల్లలు కొట్టియ్యమంటరా?" అని అడిగాడు.

వాడు నమ్మాడు. తన పప్పు మంచిదని తెలిసిన మనిషి, నేనన్నానని, తన పప్పునే అనుమానిస్తున్నాడు.

"కొట్టియ్యి" అన్నాను. ఇది కూడా అన్నాను.

ఏప్రిల్ 24, శుక్రవారం

యాదగిరి పొద్దున వచ్చాడు, ఇంకా ఇద్దరు ముగ్గురితో. నల్లా విషయం. గల్లీ చివర నెల రోజులుగా గాలే. ఎవడో మోటారు పెట్టాడని తేలిపోయిందట, మునిసిపాలిటీ లైన్‌మన్ వచ్చి చెప్పి పోయాడు.

"ఆదివారం నల్లా వచ్చే యాళ్లకు ఇల్లిల్లు తిరుగుదాం. పోయినేడు మీరే ముందటుండిన్రు. ఈ యేడు గూడ మీరే. ముందు మీ ఇంటికాన్నుంచే షురూ జేద్దాం సార్, మాట వరసకు. అప్పుడు ఎవలు గూడ అడ్డం మాట్లాడరు."

తల ఊపాను. మోటారుకూ నేను నిలబడ్డ చోటుకూ మధ్య ఒక్క గోడ.

ఏప్రిల్ 25, శనివారం

లెక్క చాలా సులభం. ఇవాళ మోటారు విప్పేస్తే రేపు ఎవరికీ ఏమీ దొరకదు. నేను ముందుండి పది ఇళ్లు తిరిగి వస్తాను. చేపపిల్లలకు ఇంకో వారం కష్టం, కొన్ని పోతాయి, కొన్ని బతకొచ్చు. నా పేరు నాకుంటుంది. కౌసల్య అన్నా అంటూనే ఉంటుంది. సాంబయ్య ఎప్పటికీ కల్తీ సాంబయ్యే.

విప్పకపోతే... పోయినేడు మల్లారెడ్డి నిలబడ్డ చోట నేను నిలబడతాను. అప్పుడు నీళ్ల సంగతి వస్తుంది, డ్రమ్ము సంగతి వస్తుంది, పప్పు సంగతి వస్తుంది. అదే మాటలు నా మొహాన అంటారు. అనాలి.

సుగుణతో అన్నాను, మోటారు తీసేస్తానని. అటక మీద దాచమన్నాను. "నేను దాయను. మీరు తీసుకుంటె తీసుకోన్రి. రేపు ఎవలన్న నన్నడిగితె మాత్రం నేను అబద్ధం జెప్ప" అంది. బియ్యం ఏరుతూనే అంది, తల ఎత్తలేదు.

పానా తీసుకుని పెరట్లోకి పోయాను. మోటారు ముందు కూర్చున్నాను. ఒక నట్టు వదులు చేసి మళ్లీ బిగించాను. ఇదేదో ధైర్యం అనుకోవద్దు — ఏదీ చేతకాక లేచి వచ్చాను.

ఏప్రిల్ 26, ఆదివారం

నల్లా వచ్చే వేళ. మోటారు వెయ్యలేదు. తీయనూ లేదు. క్యాసెట్ పెట్టలేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండి నెలయింది. చేపపిల్లలు తండ్రి ఒంటి మీద ఉన్నాయి, ఇక్కడ కూర్చుంటే కనిపిస్తున్నాయి.

వస్తున్నారు. చెప్పుల చప్పుడు. చాలామందే ఉన్నారు. కౌసల్య గొంతు ఉంది అందులో.

చెప్పాల్సిన మాట రాత్రి నుంచి నోట్లో తిప్పుకుంటున్నాను. "పప్పు మంచిదే. నీళ్లు నాయి." రెండే ముక్కలు. వాళ్లు లోపలికొచ్చి గోనెసంచి ఎత్తితే నేను అనక్కర్లేకుండానే అయిపోతుంది, అది కూడా ఆశపడుతున్నాను. ఎత్తితే బాగుండు.

యాదగిరి తలుపు కొట్టాడు. "సార్, షురూ జేద్దామా?"

సుగుణ తలుపు దగ్గరికి వెళ్లింది. గడియ మీద చెయ్యి పెట్టి నావైపు తిరిగింది.

బయట ఇంకో గొంతు, పెద్దది కాదు. సాంబయ్యది.

"సారు ఇల్లు ఏం జూస్తరయ్యా, ఇడిశిపెట్టున్రి. గాయిన అబద్ధమాడే మనిషైతె నా పప్పు ఖరాబని నేను ఒప్పుకుందునా?"

ఎవరో అవునన్నారు. ఇంకెవరో నవ్వారు. సార్ తయారై ఎనుక వస్తడు తియ్యి, అన్నాడు యాదగిరి. చెప్పులు పక్కింటి వైపు కదులుతున్నాయి.

సుగుణ ఇంకా నన్నే చూస్తోంది. చెయ్యి గడియ మీదే ఉంది. తీయమనాలి. ఒక్క మాట... వాళ్లు పక్కింటి గుమ్మం ఎక్కేలోపల —